ఐదు నక్షత్రాల ఇంట్లో ఎవరుంటారు?

ఇంటికి నక్షత్రాలిచ్చే పద్ధతిని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవాలి! ట్యాంకరు నీళ్ళతో బతికే అపార్ట్‌మెంటువాళ్ళు కనీసం మనసులోనైనా చల్లుకోవాలి.

ఎందుకంటారా? ఇన్నాళ్ళూ మన ఇల్లు మంచిదో కాదో మనకెలా తెలిసేది? ఒంటికి చెమట పడితే చెడ్డదనీ, పట్టకపోతే మంచిదనీ అనుకునేవాళ్ళం. ఎంత మోటు పద్ధతి! చెమట ఒక సాక్ష్యమా? ఇప్పుడా బాధ లేదు. ఫ్రిజ్‌కి ఉన్నట్టే ఇంటికీ ఎనర్జీ రేటింగ్ వచ్చింది. నిపుణులు వచ్చి, కొలిచి, లెక్కగట్టి, ఈ ఇంటికి ఇన్ని స్టార్లని తేలుస్తారు. ఐదొస్తే కరెంటు తక్కువ తాగే బుద్ధిమంతురాలైన ఇల్లు. ఒకటొస్తే తాగుబోతు ఇల్లు. ఆ ఇంట్లో మీకు ఉక్కపోస్తోందా లేదా అన్నది ఇక పూర్తిగా మీ వ్యక్తిగత విషయం.

నమ్మకం లేనివారు కిరణ్ పాల్ సంగతి వినండి.

కిరణ్ పాల్‌ది తెనాలి. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. ఇతరుల తప్పులు వెతకడం ఆయన ఉద్యోగం. తన తప్పులు వెతికే ఉద్యోగం ఎవరికీ ఇవ్వలేదు. పుప్పాలగూడలో 'సంధ్యాగగన్ టవర్స్' అనే ఆకాశహర్మ్యంలో, బాగా పై అంతస్తులో, పడమటి ముఖంగా ఆయన ఫ్లాటు. ఆ టవర్ అసోసియేషన్‌కి సెక్రటరీ కూడా ఆయనే.

ఆ ఫ్లాటులో హాలుకీ, పడకగదికీ పడమటి గోడ ఉండదు. నేల నుంచి కప్పు దాకా అద్దమే. 'ప్రతి సాయంత్రం సూర్యాస్తమయం మీ పడకగదిలోకి నడిచి వస్తుంది' అని బ్రోషర్‌లో రాశారు. బ్రోషర్ అబద్ధం చెప్పలేదు. కాకపోతే సూర్యుడు సాయంత్రం దాకా ఆగడు. మధ్యాహ్నం భోజనాల వేళకే వచ్చి, పరుపు మీద కాళ్ళు చాపుకుని, చీకటి పడితే గానీ కదలడు.

ఇందులో ఎవరికైనా ఇబ్బంది ఉందా? కిరణ్ పాల్‌కి లేదు. పగలంతా ఆయన ఆఫీసు చల్లదనంలో స్వెట్టర్ వేసుకుని ఉంటాడు. కూతురు దీవెనకి లేదు, బడికి పోతుంది. ఉన్నదల్లా ఆయన భార్య లీదియాకి. లీదియా ఒక పెద్ద దవాఖానలో స్టాఫ్ నర్సు. ఎప్పుడూ నైట్ డ్యూటీయే. పొద్దున్నే వచ్చి, పిల్లను బడికి పంపి, వంట ముగించి పడుకునేసరికి సూర్యుడు కూడా పడకగదికి బయల్దేరుతాడు. లోకంలో ఆవిడ కోరేది ఒక్కటే, పగలు నాలుగు గంటల నిద్ర. నగలు కాదు, ఊటీ కాదు.

ఆ మధ్య ఒక రాత్రి వార్డులో ఆవిడ బీపీ పట్టీని తన చేతికే చుట్టుకుని, రోగితో "కదలకండి, చూస్తున్నాను" అంది. రోగి పాపం కదలలేదు. హెడ్ నర్సు మాత్రం కదిలింది. ఇంకోసారి ఇలా జరిగితే పైకి రాయాల్సి వస్తుందని మెల్లగా చెప్పి వెళ్ళింది. నవ్వొచ్చే విషయమే గానీ, ఇంటికి వస్తూ బస్సులో లీదియా ఏడ్చింది. మందు సీసా తేడా వచ్చి ఉంటే ఏమయ్యేదన్న భయం ఆవిడని పట్టుకుంది.

ఇదిలా ఉండగా పక్క టవర్‌కి నాలుగు స్టార్లు వచ్చాయన్న కబురు వాట్సాప్‌లో వచ్చింది.

కిరణ్ పాల్‌కి నిద్ర పట్టలేదు. (భార్యకు నిద్ర పట్టనప్పుడు మాత్రం ఆయనకు పట్టేది. ఇది దాంపత్యంలో పని విభజన.) పక్కవాడి పిల్లకి ర్యాంకు వచ్చి మన పిల్లకి రాకపోతే ఎలా ఉంటుందో చెప్పాలా? వెంటనే రేటింగ్ వేసే మనిషికి ఫోన్ చేసి, టవర్ తరఫున మొదట తన ఫ్లాటునే పరీక్షకు కూర్చోబెడతానన్నాడు. కూర్చోబెట్టడమంటే మనవాళ్ళకి ఊరికేనా? కోచింగ్ ఇవ్వాలి కదా!

మన ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. ఫ్రిజ్ ముసలిదైపోయినా దాని మీద స్టార్ స్టిక్కర్ పీకం. కిరణ్ పాల్ ఇంట్లో ఏ స్టిక్కరూ పీకలేదు. ఆయన ఎక్సెల్ తెరిచాడు. ఫ్రిజ్, ఏసీ, గీజర్, ఫ్యాన్లు, అన్నిటి స్టార్లూ కూడాడు. వచ్చినదాన్ని వస్తువుల సంఖ్యతో భాగించాడు. ఇంజినీరింగ్‌లో ఎనిమిది సెమిస్టర్లు సగటు తీసిన చెయ్యి అది, ఇంటి రేటింగ్ మాత్రం మరోలా ఎలా వస్తుంది?

సగటు తక్కువొచ్చింది. ఎవరు కిందకు లాగుతున్నారు? వెతికితే దొరికారు. మిక్సీకి స్టిక్కర్ లేదు, సున్నా. ఇస్త్రీ పెట్టెకి సున్నా. లీదియా తలగడ పక్కన పెట్టుకునే పాత కూలర్‌కీ సున్నాయే. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆ గదిలో ఏసీ చల్లగాలి మానేసి నిట్టూర్పులు విడుస్తుంది కనుక, వట్టివేళ్ళ తడకల మీంచి ఆ కూలర్ కొట్టే గాలే లీదియాకి ఉన్న కాస్త నిద్ర. అయినా క్లాసులో వెనకబడినవాడు స్నేహితుడైతే మాత్రం ఏం చేస్తాం? మిక్సీ, ఇస్త్రీ పెట్టె అటక ఎక్కాయి. కూలర్ అటక మీద పట్టలేదు.

మర్నాడు లీదియా డ్యూటీ నుంచి వచ్చి చూస్తే తలగడ పక్కన ఖాళీ.

"ఏమండీ, కూలర్ ఏదండీ?"

"చర్చి యూత్ హాలుకి ఇచ్చేశాను. దేవుని పనికి."

"దేవుడికి ఉక్కపోస్తోందని మీతో చెప్పాడా?"

"కొన్నాళ్ళు ఓర్చుకో లీదియా. రేటింగ్ అయ్యాక తెచ్చేసుకుందాం."

తెచ్చుకోవడం కుదరలేదు. ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టర్ ఏసురత్నంగారు ఆ కానుకను పేరు పేరునా ప్రకటించి, దాత కుటుంబం కోసం ప్రార్థన కూడా చేశారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టించుకున్న కూలర్‌ని వెనక్కి ఎలా అడుగుతారు? ఆ జనంలోనే కూర్చున్న లీదియా ప్రార్థనలో కళ్ళు మూసుకుని, అలాగే కాసేపు పడుకుంది. చాలా రోజుల తరవాత మంచి నిద్ర.

పరీక్ష దగ్గర పడేకొద్దీ ఇంట్లో క్రమశిక్షణ పెరిగింది. ఫ్రిజ్ తెరిచి నిలబడి ఆలోచించడం నిషేధం. ఏం కావాలో బయటే తేల్చుకుని, తెరిచి, తీసి, మూసెయ్యాలి. స్నానం చన్నీళ్ళే. పగలు ఏసీ వెయ్యకూడదు. లీదియా తడి తువ్వాలు మొహాన కప్పుకుని, మంచం కిందకి దూరి పడుకునేది. మంచం కింద కనీసం నీడ ఉంటుంది.

ఇంత తపస్సు చేశాక వచ్చింది ప్రియదర్శిని. రేటింగ్ వేసే నిపుణురాలు, నెమ్మదైన మనిషి. వస్తూనే సంచిలోంచి దిక్సూచి తీసింది.

కిరణ్ పాల్ నొచ్చుకున్నాడు. "మేం వాస్తు చూడమండి. ప్రార్థన చేసుకుని చేరాం."

"మంచిదేనండి. కానీ ఎండకి దిక్కులున్నాయి కదా" అందావిడ.

ఆవిడ అద్దం పొడుగూ వెడల్పూ కొలిచింది. గోడ మీద వేలితో కొట్టి ఏ ఇటుకతో కట్టారని అడిగింది. అద్దంలో తెరుచుకునే భాగమెంతో చూసింది. బయటికి తల పెట్టి, పైన ఎండ ఆపే చూరు గానీ, నీడ పడే పలక గానీ ఉందా అని చూసింది. లేదు. ఆవిడ వెనకాలే కిరణ్ పాల్ ఫ్రిజ్ వైపు చెయ్యి చూపుతూ నడిచాడు. బాత్రూమ్ తలుపు తీసి గీజర్ చూపించాడు. ఐదు స్టార్ల ఫ్యాన్ వేసి, ఆపి, మళ్ళీ వేశాడు. ఆవిడ కన్నెత్తి చూస్తే ఒట్టు!

ట్యాబ్‌లో అంకెలన్నీ కొట్టి చివరికి చెప్పింది. "ఒక స్టార్ అండి."

"ఐదులో ఒకటి పోయిందా?"

"ఐదులో ఒకటి వచ్చింది."

ఏటా డిసెంబరులో ఆ బాల్కనీకి వేలాడే క్రిస్మస్ నక్షత్రాన్ని కూడా కలుపుకుంటే రెండయ్యేవి. కలపరట.

"అసలీ లెక్క ఎలా వేస్తారండి?" అన్నాడు కిరణ్ పాల్.

ప్రియదర్శిని ఓపిగ్గా చెప్పింది. ఏడాది మొత్తం మీద, ఇంట్లో ఒక్కో చదరపు మీటరుకి ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుందో అంచనా కడతారు. అంకె ఎంత తగ్గితే అన్ని స్టార్లు. ఇల్లు చల్లగా ఉంచాలంటే ముందు ఇంట్లోకి వేడి ఎంత వస్తోందో తెలియాలి. అందుకని గోడ ఎంత, అద్దం ఎంత, అద్దం ఏ దిక్కుకి, బయట నీడ ఉందా, గాలి ఆడుతుందా, ఇవన్నీ చూస్తారు. లైట్లూ, ఏసీ రకమూ ఏదో కొంచెం కలుస్తాయి. మిగతా భారమంతా కట్టడం మీదే.

"మరి మేం పొదుపుగా వాడితేనో?"

"అది లెక్కలోకి రాదండి. ఇల్లిల్లూ పోల్చాలి కదా, అందుకని అందరూ ఒకేలా వాడతారని అనుకుంటాం. మీరు చన్నీళ్ళు పోసుకున్నా, వేడినీళ్ళు పోసుకున్నా మీ స్టార్ మారదు."

కిరణ్ పాల్ కూర్చున్నాడు. ఇన్ని రోజుల చన్నీళ్ళ స్నానాలు ఒక్కసారిగా గుర్తొచ్చి తుమ్మాడు.

అప్పుడు పడకగది తలుపు తెరుచుకుని లీదియా వచ్చింది. తల మీద తడి తువ్వాలు, కళ్ళు ఎర్రగా. అంతా లోపలి నుంచి వింటూనే ఉందిట.

"మేడమ్, చిన్న డౌటు. ఆ లెక్కలో పడకగదిలో మనుషులు ఎప్పుడు పడుకుంటారండి?"

"రాత్రిపూట. ఆ గంటలకే ఏసీ లెక్క వేస్తామండి."

"నేను పగలు పడుకుంటానండి."

ప్రియదర్శిని ట్యాబ్ వంక చూసింది, ఆవిడ వంక చూసింది. "అలాంటివాళ్ళు మా లెక్కలో లేరండి" అంది, నిజంగానే బాధపడుతూ.

చూశారా, ఎంత గొప్ప శాస్త్రం! ఈ ఐటీ కారిడార్‌లో సగం జనం అమెరికా సూర్యుడితో లేచి, మన సూర్యుడు లేచేవేళకి పడుకుంటారు. కాల్ సెంటర్లవాళ్ళు, సపోర్టువాళ్ళు, సెక్యూరిటీవాళ్ళు, నర్సులు. ఇంతమందిని ఒక్క గీతతో రాత్రిపూట నిద్రపుచ్చగలిగినవాళ్ళు ఇంకెవరున్నారు? జోలపాట కూడా ఆ పని చెయ్యలేదు.

వెళ్తూ వెళ్తూ ప్రియదర్శిని ఒక ఉపాయం చెప్పింది. లోపల కర్టెన్లు ఎన్ని వేసినా లాభం లేదు, అద్దం దాటి వచ్చిన ఎండ వచ్చినట్టే. ఎండను బయటే ఆపాలి. అద్దానికి బయటివైపు వెదురు తడకలు కట్టినా చాలు, గది చల్లబడుతుంది, నిద్ర పడుతుంది. పక్కా పలకలు వేయిస్తే స్టార్లూ పెరుగుతాయి.

లీదియా కళ్ళలో వెలుగు వచ్చింది. కిరణ్ పాల్ కళ్ళలో ఉన్నది పోయింది. ఎందుకంటే టవర్ బయటివైపు ఎవరూ ఏదీ కట్టరాదని అసోసియేషన్ నియమం. ఆ నియమం రాసింది సెక్రటరీ. సెక్రటరీ పేరు కిరణ్ పాల్. కింది అంతస్తు సక్కుబాయి తన బాల్కనీకి చాప కట్టుకుంటే, 'ఎలివేషన్ పాడైంది, ఫొటోలో టవర్ పరువు పోతోంది' అని ఉపన్యాసమిచ్చి, నియమం చేసి, దగ్గరుండి పీకించాడు. క్రిస్మస్ నక్షత్రానికి మాత్రం మినహాయింపు రాసుకున్నాడు.

అయినా భార్య మొహం చూసి మీటింగు పెట్టించాడు. పడమటి ఫ్లాట్లకు తడకలు కట్టుకోనివ్వాలని తానే లేచి ప్రతిపాదించాడు. ఏసీ వేసిన క్లబ్‌హౌస్‌లో అందరూ చల్లగా విన్నారు.

మొదట సక్కుబాయి లేచింది. "గా దినం నా చాప పీకిచ్చినవు గద బిడ్డా! ఎలివేషన్ అన్నవు, పరువన్నవు. ఇయ్యాల నీ ఇంట్ల ఎండ కొడితె ఎలివేషన్ యాడికి వాయె?"

"అప్పుడు నాకు తెలియదండి" అన్నాడు కిరణ్ పాల్.

"నాకు తెలిసే గదా నేను చాప కట్టుకున్న!" అని ఆమె కూర్చుంది.

ప్రెసిడెంటు లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు. ఆ టవర్ లేచిన భూమి ఒకప్పుడు ఆయనదే. భూమిచ్చినందుకు బిల్డర్ ఆయనకు ఫ్లాట్లిచ్చాడు, అన్నీ ఉత్తరం వైపువి.

"కిరణ్ సారూ, గీ జాగ మాదే గద. ఎండకాలం పగటీలి మా బర్లు గూడ గా పడమటి దిక్కు పోకపోతుండె. గందుకే నేను బిల్డర్‌తోని కొట్లాడి ఉత్తరం దిక్కు తీసుకున్న."

"మరి మాకు ముందే చెప్పలేదేమండీ?"

"మీరు అడుగలే. మీరేమో సన్‌సెట్ చూస్తమని మురుసుకుంట కొన్నరు. నడుమల నేనెందుకు అడ్డం రావాలె?"

ఓటింగు జరిగింది. తడకలు వేస్తే టవర్ పేదదానిలా కనబడుతుందనీ, రీసేల్ దెబ్బ తింటుందనీ తీర్మానించారు. పడమటివైపు వాళ్ళు కూడా ఆ చల్లదనంలో తమ చెమట మరిచిపోయి అదే ఓటు వేశారు. దానికి బదులుగా ఇంకో తీర్మానం ఏకగ్రీవంగా పాసైంది. బిల్డర్ బ్రోషర్‌లో 'ఐదు స్టార్ల నివాసం' అని రాశాడు కనుక, ఆ ఐదు స్టార్లతో గేటు దగ్గర ఇత్తడి బోర్డు పెట్టించాలి. పక్క టవర్‌కి నాలుగే కదా!

టెస్టింగ్ మనిషికి అనుమానం ఒక పట్టాన పోదు. తన ఇంటికి ఒకటి వస్తే బ్రోషర్‌కి ఐదు ఎలా వచ్చాయి? మర్నాడు పొద్దున్నే లీదియాని వెంటబెట్టుకుని బిల్డర్ సేల్స్ ఆఫీసుకి వెళ్ళాడు. ఇంకా అమ్ముడుపోని ఫ్లాట్లు కొన్ని ఉండడంతో ఆ ఆఫీసు నడుస్తూనే ఉంది. అక్కడ రవీందర్ అనే కుర్ర ఉద్యోగి టై సర్దుకుంటూ ఎదురొచ్చాడు.

"ఫైవ్ స్టార్సా సార్? అవి మోడల్ ఫ్లాట్‌వి. జెన్యూన్ సార్, చెక్ చేసుకోండ్రి. రండ్రి, చూపిస్త."

చూపించాడు. టవర్ కింద, పార్కింగ్ అంతస్తుల పోడియం నీడలో, ఉత్తరం ముఖంగా ఉందా ఫ్లాటు. మందం గోడలు, చిన్న కిటికీలు, ప్రతి కిటికీ మీదా వెడల్పాటి చూరు. పడకగదిలో పెద్ద మంచం, తెల్లని దుప్పటి. ఎండ అన్నది ఆ గది పేరు కూడా విన్నట్టు లేదు.

"ఇందులో ఎవరుంటారు?" అన్నాడు కిరణ్ పాల్.

"ఎవ్వరుండరు సార్. కస్టమర్లకి చూపెట్టనీకే."

అంటే ఈ మహానగరంలో నిద్రకు పనికొచ్చే గది ఒకటి కట్టడం బిల్డర్‌కి చేతనవును! చేతకాక కాదు. అందులో మనుషుల్ని ఉంచడమొక్కటే ఇష్టం లేదు. కిరణ్ పాల్ ఈ విషయం మీద గట్టిగా ఒక మెయిల్ రాయాలని అక్కడే వాక్యాలు కూర్చుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే, లీదియా చెప్పులు విప్పి మంచం మీద కూర్చుని ఉంది.

"లీదియా, ఏం చేస్తున్నావ్?"

"చెక్ చేస్తున్నానండి" అని, ఆవిడ పక్కకి వాలి, ఆ మాట ముగిసేలోపే నిద్రపోయింది.

రవీందర్ కంగారుపడ్డాడు. "సార్, మేడమ్‌ని లేపుండ్రి సార్! కస్టమర్లు వస్తరు, మా మేనేజర్ చూస్తే నా నౌకరి పోతది."

కిరణ్ పాల్ లేపబోయాడు. దగ్గరికి వెళ్ళి మొహం చూశాడు. నోరు కొంచెం తెరుచుకుని, నుదుటి మీద ముడతలన్నీ విడిపోయి, కొత్తగా పెళ్ళయిన రోజుల్లోలా ఉంది. ఆ మొహాన్ని ఆయన చూసి చాలా కాలమైంది. కూలర్ సంగతి తలుచుకుని సిగ్గేసింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కస్టమర్లు వచ్చారు. భరత్ అనే కుర్రాడు, అతని భార్య రూబీ. ఇద్దరూ రాత్రి షిఫ్టు ముగించుకుని, మెడలో ఐడీ కార్డులతోనే వచ్చారు. మంచం మీద మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. రవీందర్ మొహంలో రంగులు మారాయి. అయితే సేల్స్‌లో పనిచేసేవాడు ఊరికే చేతులెత్తేస్తాడా?

"చూడుండ్రి సార్," అన్నాడు గొంతు తగ్గించి, "పగటిపూట మా ఫ్లాట్‌ల నిద్ర ఎట్ల పడతదో! లైవ్ డెమో. ఇసొంటిది ఏ ప్రాజెక్టుల చూపెట్టరు."

ఆ దంపతులు లీదియా వంక చూసిన చూపు ఉందే, ఆకలిగా ఉన్నవాళ్ళు విస్తరి వంక చూసే చూపు అది.

"మాకిలాంటిదే కావాలండి," అంది రూబీ. "మేమిద్దరం పగలే పడుకుంటాం. ఉన్నాయా?"

"బంగారం లాంటిది ఒకటి ఉంది మేడమ్. పై ఫ్లోర్‌ల. ఫుల్ గ్లాస్, సన్‌సెట్ వ్యూ."

కిరణ్ పాల్‌కి మాట నోటిదాకా వచ్చింది. పడమర వద్దు తల్లీ, మా ఇంటికి వచ్చి చూడండి అని అరవాలనిపించింది. అరిస్తే లీదియా లేస్తుంది. లేస్తే రవీందర్ ఈ గదికి తాళం వేస్తాడు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. దిక్కుతోచక చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని, "ష్... నిద్రపోనివ్వండి" అన్నాడు. రవీందర్ దాన్ని సిఫారసు కింద జమకట్టుకున్నాడు.

భరత్ అడ్వాన్స్ మాట ఎత్తాడు. ఆ అలికిడికి లీదియా సగం కన్ను తెరిచింది.

"ఏ వైపు ఫ్లాటమ్మా?"

"పడమరండి" అంది రూబీ, సంబరంగా.

లీదియా కళ్ళు మూసుకునే గోడ వైపు జరిగి, పక్కన ఖాళీ అయిన చోటును అరచేత్తో సర్ది, రెండో దిండు అటు తోసింది.

"రామ్మా, పడుకో. ఈ చోటు నీకుంచుతాను. రోజూ కాస్త పెందలాడే రా."

కనుక అయ్యలారా, అమ్మలారా, ఇంటి రేటింగ్‌ని ఆడిపోసుకోకండి. ఐదు స్టార్ల ఇల్లు నిజంగానే ఉంది, నిజంగానే చల్లగా ఉంది, లెక్కలో ఒక్క తప్పు లేదు. కాకపోతే మంచం ఒకటే ఉంది. పడమటి ఫ్లాట్లు ఇంకా చాలా మిగిలున్నాయి గనక, కొనదలచినవారు దిండు వెంట తెచ్చుకోవలసిందిగా మనవి.